నాయన చూడవచ్చిన ఆట

మొన్న శనివారం మా మనవరాలు బడి నుంచి వస్తూనే సంచీ సోఫాలో పారేసి, తనను రాష్ట్రస్థాయి ఖో-ఖో పోటీలకు ఎంపిక చేశారని చెప్పింది. బీరంగూడలోని ఆ ప్రైవేటు బడి వాళ్లు ఏసీ బస్సు పెడతారట, వెంట ఇద్దరు ఆడ కోచ్‌లు ఉంటారట, ఇంట్లోవాళ్లెవరూ రానక్కరలేదట. మా అమ్మాయి నిలబడే ఫోన్లో ఏదో ఫారం నింపి, డబ్బు కూడా అందులోనే కట్టేసి, పొయ్యి మీద కుక్కర్ కూత పెడుతుంటే వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్లను దగ్గరకు తీసుకుని మెచ్చుకోవలసిన అమ్మమ్మను నేను. ఆ పని చేతగాక, మాత్రలు వేసుకునే వేళయిందని అబద్ధమాడి నా గదిలోకి పోయి కూర్చున్నాను. ఖో-ఖో అన్న మాట వింటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది, అది ఆ పసిదానికి ఎలా చెప్పను?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు వచ్చేది. ఎనభైల్లో ఆ రోడ్డుకు రెండు పక్కలా కంపెనీలు లేస్తున్న రోజుల్లో మా ఊరి మగవాళ్లందరిదీ ఒకటే కల, పర్మనెంటు కావడం. పర్మనెంటు అయినవాడికి పిల్లనిచ్చేవాళ్లు వరసకట్టేవాళ్లు, కిరాణా సేటు సైతం వాడు వస్తే స్టూలు జరిపి కూర్చోమనేవాడు. మా నాయన ఇనుప పైపుల కంపెనీలో ఏడేళ్లుగా క్యాజువల్. నా ఈడువాళ్లకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. కొన్ని నెలలు పని చేయించుకుని, బ్రేకు అని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ కొత్తగా చేరినట్టు కార్డు చేతిలో పెట్టేవాళ్లు, అలా ఏడేళ్లు ఒళ్లు హూనం చేసుకున్నా కాగితం మీద మనిషికి ఏడాది నిండేది కాదు.

ఆ కార్డు మీద పేరూ నంబరూ తప్ప ఫొటో ఉండేది కాదు. దానివల్ల మా ఊళ్లలో ఒక ఆనవాయితీ పుట్టింది. ఇంట్లో పెళ్లో, నాట్లో, జ్వరమో వచ్చి మనిషి పనికి పోలేని రోజు, ఆ కార్డు పట్టుకుని తమ్ముడో బామ్మర్దో పోయి నిలబడేవాడు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కూ తెలుసు, లోపలి సూపర్‌వైజర్‌కూ తెలుసు. తలకాయలు లెక్కకు సరిపోతే చాలు, ఏ తలకాయ ఎవరిదని అడిగినవాడు లేడు. నాయనకు ఒక్కడే తమ్ముడు, మా చిన్నాయన. అప్పటికి పెళ్లికాలేదు, మాతోనే ఉండేవాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక, ఒకటే ఎత్తు, వెనక నుంచి చూస్తే మా అమ్మే ఒక్కోసారి పొరబడేది. నాయన కార్డు మీద చిన్నాయన ఎన్నిసార్లు పోయి పనిచేసి వచ్చాడో లెక్కలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా హైస్కూలు ఖో-ఖో జట్టు జిల్లాలో గెలిచింది. చదువులో అంతంతమాత్రమైన నాకు పరుగు ఒక్కటే వచ్చు. డ్రిల్లు సారు జిల్లా జట్టుకు నా పేరు పంపడం, అక్కడ నన్ను తీసుకోవడం, వరంగల్‌లో మూడు రోజుల పోటీలని కబురు రావడం, అన్నీ వారంలో జరిగిపోయాయి. తెల్ల కాన్వాసు బూట్లకూ, కుట్టించిన నీలం నిక్కరుకూ మా ఇంట్లో గుడ్లు పెట్టే కోళ్లు రెండు అంగడికి పోయాయి. అది ఎవరికీ బరువనిపించలేదు. అసలు చిక్కు ఇంకొకటి. బడిలో ఆడ టీచరు లేదు కాబట్టి, ప్రతి పిల్ల వెంట ఇంటి మగమనిషి ఒకరు రావాల్సిందేనని, లేకపోతే పేరు తీసేస్తానని డ్రిల్లు సారు తేల్చి చెప్పాడు.

చిన్నాయన వస్తానన్నాడు. అదే సబబు కూడా, ఎందుకంటే ఆ నెలలోనే కంపెనీలో కొందరిని పర్మనెంటు చేస్తారని, పేర్లు పిలుస్తారని ఊరంతా గుసగుసగా ఉంది. నాకు మాత్రం చిన్నాయన పనికిరాలేదు. నేను పరుగెత్తడం నాయన ఒక్కసారి కూడా చూడలేదు, పొద్దున చీకటితో పోయి దీపాలు పెట్టాక వచ్చే మనిషి ఎప్పుడు చూస్తాడు? నాయన వస్తేనే పోతాను, లేకపోతే బూట్లు బావిలో పారేస్తానని రెండు పూటలు అన్నం మానేశాను. పద్నాలుగేళ్లదాన్ని, పేరు పిలవడం అంటే ఏమిటో నాకేం తెలుసు? అమ్మకు తెలుసు. పేర్లు పిలిచే దినాలల్ల నువ్వు ఊరిడిసి పోతవా అని ఆమె నాయన మీద ఎగిరింది. నాయన నా ముఖం వైపు చూసి, "మూడొద్దులే గద, తమ్ముడు పోయి నిలవడతడు తియ్యి. పోరి మనసెందుకు ఇరగ్గొట్టాలె" అన్నాడు. నా అంతట నేను గెలిచిన పోటీ నా జీవితంలో అదొక్కటే.

వరంగల్ మైదానంలో జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. జట్టులో పన్నెండుమంది, ఆడేది తొమ్మిదిమంది. నన్ను మిగిలిన ముగ్గురిలో పెట్టారు. జిల్లా పెద్దలకు కావలసిన పిల్లలు ఎవరో ఉన్నారని, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని డ్రిల్లు సారు ఎవరితోనో గొణుగుతుంటే విన్నాను. మూడు రోజులూ బూట్లకు సుద్ద రుద్దుకుని, జడలు మడిచి కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. నాయన అవతల గట్టు మీద కొత్త తువ్వాల తలకు చుట్టుకుని, ప్రతి ఆటకూ అందరికంటే ముందే వచ్చి కూర్చునేవాడు. ఎండకు ముఖం నల్లబడింది. ఇప్పుడు పిలుస్తారు, ఇంకాసేపట్లో పిలుస్తారని నేను సారు వైపు చూడడం, నాయన నా వైపు చూడడం, మూడు రోజులూ ఇదే ఆట. తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే, "అందరిట్ల నువ్వే సక్కగ కూసున్నవ్ బిడ్డా" అని నవ్వించబోయాడు. నేను నవ్వలేదు. అప్పుడు నవ్వి ఉండాల్సింది.

ఇంటికి వచ్చేసరికి చిన్నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొత్త పర్మనెంటు కార్డు. దాని మీద నాయన పేరు, చిన్నాయన ఫొటో. మేం పోయిన మర్నాడే పట్నం నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చి, షెడ్డులో అందరినీ నిలబెట్టి పేర్లు చదివారట. పిలిచినప్పుడు ముందుకు రానివాళ్ల పేరు అక్కడికక్కడే కొట్టేసి, వచ్చినవాళ్లను వరసగా కూర్చోబెట్టి ఫొటో తీసి, పుస్తకంలో వేలిముద్ర వేయించుకున్నారట. చిన్నాయన మాటలు తడబడుతూ చెప్పాడు. "నేను గాదంటే నీ పేరు కొట్టేస్తుండ్రన్నా. ఔనంటే నౌకరి ఇంట్లనన్న ఉంటదనుకున్న." నాయన చాలాసేపు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, కాళ్లు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. మర్నాడు గేటు దగ్గరికి పోతే, ఏడేళ్లుగా బీడీలు పంచుకున్న వాచ్‌మన్ ఆయనను పక్కకు తీసుకుపోయి, "ఇగ నువ్వు నువ్వు గాదన్నా, ఇంటికి పో" అన్నాడట. ఆ మాట నాయన ఇంట్లో ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎత్తలేదు.

కులపెద్దలు కూర్చున్నారు. ఉన్నది ఉన్నట్టు కంపెనీకి చెబితే దొంగ వేలిముద్రకు చిన్నాయన జైలుకు పోతాడు, కార్డు ఇంకొకడికి ఇచ్చినందుకు నాయన పేరూ పోతుంది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందన్నట్టు అయింది మా పని. చిన్నాయన ఉద్యోగం చేయాలి, జీతంలో సగం అన్నకు ఇవ్వాలి అని తీర్పు చెప్పి పెద్దలు లేచిపోయారు. రెండేళ్లు ఇచ్చాడు కూడా. తర్వాత పర్మనెంటు పిల్లవాడని పెళ్లి కుదిరింది, చిన్నమ్మ వచ్చింది, వాళ్లు పోతిరెడ్డిపల్లి దిక్కు కాపురం మార్చారు, సగం కాస్తా పండుగకు బట్టలైంది, ఆ తర్వాత అదీ లేదు. చిన్నాయన దుర్మార్గుడని రాస్తే నాకు సుఖంగా ఉండేది. కాదు. ప్రతి దసరాకు జమ్మి తెచ్చి నాయన చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, తలెత్తకుండా వెళ్లిపోయేవాడు. ఒకసారి వాళ్లింటికి పోతే చిన్నమ్మ నాకు స్టీలు గిన్నెలో పాయసం పెట్టింది. పదేళ్ల సర్వీసుకు కంపెనీ వాళ్లు బహుమానంగా ఇచ్చిన గిన్నె. దాని అంచు మీద మా నాయన పేరు చెక్కి ఉంది. గిన్నె అలాగే కింద పెట్టి లేచి వచ్చేశాను.

నాయన కంకర మిషన్ దగ్గర పనికి కుదిరాడు. ఆ దుమ్ములో పదిహేనేళ్లు. నేను మళ్లీ మైదానంలో కాలు పెట్టలేదు, డ్రిల్లు సారు రెండుసార్లు మనిషిని పంపినా పోలేదు. పోటీలో పాల్గొన్నట్టు రంగుల సర్టిఫికెట్ ఒకటి వచ్చింది, అది ఏ ఉద్యోగానికీ అక్కరకు రాలేదు, పదో తరగతి కాగానే నాకు పెళ్లి చేశారు. ఇంత జరిగినా నాయన నన్ను ఒక్క మాట అన్నాడా అంటే, లేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిట్టి ఏడ్చి తేలికపడేదాన్ని. పుట్టింటికి పోయినప్పుడు, దగ్గు ఎక్కువైందని నేను గుక్కెడు వేడినీళ్లిస్తే, తాగి, నా తల మీద చెయ్యి పెట్టేవాడు. అంతకంటే పెద్ద శిక్ష నేనింకా చూడలేదు.

రెండువేలు దాటాక ఒక వానకాలం నాయన పోయాడు. పదకొండో రోజు ముగిశాక చిన్నాయన మా అమ్మ ముందు నేల మీద కూర్చుని చేతులు జోడించాడు. పంచాయతీలో చావు రాయించొద్దని అడిగాడు. కంపెనీ పుస్తకంలో ఉన్నది నాయన పేరు, నాయన వయసు, నాయన తండ్రి పేరు. చచ్చిపోయిన మనిషి రేపు డ్యూటీకి ఎలా వస్తాడని ఎవడైనా గిట్టనివాడు కాగితం పెడితే తన ఇద్దరు పిల్లలు రోడ్డున పడతారని భయం. పంచాయతీ కాగితం కంపెనీ దాకా పోతుందో లేదో మాలో ఎవరికీ తెలియదు. ఆ కాగితం లేకపోతే అమ్మకు వితంతు పింఛను రాదన్నది మాత్రం నాకు తెలుసు. నేను నోరు చేసుకున్నాను. పదిహేనేళ్లు మింగింది చాలదా, చచ్చిన మనిషిని చావనివ్వరా అని అరిచాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మనిషెట్లనో పాయె. పేరన్న బతుకనియ్యి బిడ్డా" అంది.

అలా ఎనిమిదేళ్లు అమ్మ, మోకాళ్లు అరిగిపోయిన మనిషి, పింఛను లేకుండా మందితో కలిసి కలుపు తీయడానికి పోయింది. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఏ గేటు దగ్గరైనా ముఖం చూసే మిషన్ ఉందట, ఒకరి బదులు ఇంకొకరు అడుగు లోపల పెట్టలేరట. మంచిదే. మాకు ఆ రోజుల్లో అది ఉంటే నాయన ఊరు కదిలేవాడే కాదు, నేను బూట్లు బావిలో పారేసి నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని. కానీ ఒంట్లో బాగాలేకపోతే తమ్ముడున్నాడులే అని ధైర్యంగా పడుకునే అన్నలు కూడా ఆ గేట్లలో ఇప్పుడు లేరు. పిల్లల ఆటలకు ఇళ్లు ఏమేం చెల్లించాయో దానికి రసీదు ఎవరూ ఇవ్వరు.

అమ్మ పోయినప్పుడు మాత్రం నేనే పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా ఫారం నింపుతూ భర్త పేరు అడిగాడు, చెప్పాను. పేరు ముందు లేటు అని రాయాలా అమ్మా అని కలం ఆపి నా వైపు చూశాడు. చిన్నాయన అప్పటికి రిటైరై నాయన పేరు మీద పింఛను తీసుకుంటున్నాడు. అక్కర్లేదు, ఉన్నాడు, అని చెప్పాను. ఎనిమిదేళ్లు బొట్టు లేకుండా తిరిగిన మా అమ్మ కాగితం మీద ముత్తయిదువగా పోయింది.