మిచికో ఆంటీ చెప్పమన్న మాట

మా చిన్నప్పుడు... సౌదీలోని ఖఫ్జీలో మంగళవారం వచ్చిందంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను రెక్క పట్టుకుని పక్కింటి మిచికో ఆంటీ దగ్గరికి లాక్కుపోయేది. బయట పిల్లలంతా సైకిళ్లు తొక్కుతుంటే, నేను లోపల నలుగురు జపాన్ ఆడవాళ్ల మధ్య కాలు గాలిన పిల్లిలా...

నాన్న ఆయిల్ కంపెనీలో టెక్నీషియన్. అందులో జపాన్ వాళ్లు చాలామంది, మా క్వార్టర్స్ వరసలోనే వాళ్ల ఇళ్లూ ఉండేవి. భర్తలు డ్యూటీకి వెళ్తే ఆ ఆడవాళ్లకు పొద్దుపోయేది కాదు. అందరూ నలభై దాటినవాళ్లే. మిచికో ఆంటీ ఇంట్లో కరావోకే మిషన్ ఉండేది... అన్నం పళ్లెమంత డిస్కులు, రెండు మైకులు. తమ పడుచు రోజుల పాటలు పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు పాడుకునేవారు.

అమ్మ జగిత్యాల నుంచి నేరుగా ఖఫ్జీలో దిగిన మనిషి, తెలుగు తప్ప ఇంకోటి రాదు. మిచికో ఆంటీది వచ్చీరాని ఇంగ్లీషు. అందుకని స్కూల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చిన ఎనిమిదేళ్ల దాన్ని, నేనే వాళ్లిద్దరికీ దుబాసీని!

మొదటిరోజు ఆంటీ "సుగుణా-సాన్" అని పిలిస్తే అమ్మ ఉలిక్కిపడింది.

"ఏందే బిడ్డా, గామె నన్ను సాని అంటుందా?" అని నా చెవిలో అడిగింది.

గౌరవంగా అలాగే పిలుస్తారని చెప్పాను. కాసేపు ఆలోచించి, "దొరసాని అన్నట్టా... అయితే మంచిదే" అని సర్దుకుంది.

ఆంటీ అమ్మకు ఒక పాట నేర్పింది. అమ్మ దాన్ని నా రఫ్ నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకుంది. వాళ్ల మాటలు కూడా మనవాటిలాగే చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి కదా, తెలుగులో భలే కుదిరాయి. అందులో 'ఆమె' అని వచ్చేది... సాగదీసి పాడితే 'నా... మీ... ద' అని కూడా వినిపించేది. ఇంకేం, అమ్మ తేల్చేసింది.

"ఆమె, నా మీద అని ఒకటే గుంజుతుంది. గిది అత్త మీది పాటనే!"

మా నాయనమ్మ ఇంట్లో అమ్మ గొంతు విప్పి పాడింది లేదు. పాడితే, "పాటలతోని ఇల్లు గడుస్తదా?" అని ఎత్తిపొడిచేది ఆవిడ. ఆ కోపమంతా జపాన్ పాటలో పెట్టి అమ్మ పాడుతుంటే నలుగురూ తెగ చప్పట్లు కొట్టేవారు... ఏం అర్థమయ్యేదో మరి వాళ్లకు!

ఒకరోజు 'నామీద' అంటే ఏమిటో అడగమంది అమ్మ. ఆంటీకి ఇంగ్లీషు మాట తట్టక, కంటి కింద నుంచి చెంప మీదికి వేలితో గీసి చూపించింది. నేనేమో కిటికీలోంచి సైకిళ్లు చూస్తున్నాను. "కాటుక గావాల్నేమో" అనుకుని అమ్మ ఇంటికి పోయి కాటుక భరిణె తెచ్చి ఆంటీ కళ్లకు దిద్దేసింది. ఆంటీ అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వింది. తర్వాత అదే పాట అందుకుంది... రెండో చరణానికి కళ్లు నిండి కాటుకంతా చెంపల మీదికి జారింది. ఆ నల్లటి చారను వేలితో చూపిస్తూ "నమిద" అంది.

కన్నీళ్లట! 'ఆమె' అంటే వానట. అమ్మ గబుక్కున తన కొంగుతో ఆంటీ చెంపలు తుడిచింది. ఆరోజు నుంచి వాళ్లిద్దరికీ నా అవసరం సగం తగ్గిపోయింది.

కొన్నాళ్లకు జపాన్ వాళ్లు తిరిగి వెళ్లిపోవడం మొదలైంది. మిచికో ఆంటీ బయల్దేరే రోజు పొద్దున నా సైకిల్ ఆపి, నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది... "నాలుగింటికి అమ్మను రమ్మను. నేను ఎదురుచూస్తాను. అమ్మ పాట టేపులో రికార్డు చేసుకుని వెంట తీసుకెళ్తాను" అని.

తలూపాను. అవతల పిల్లలు పిలుస్తున్నారు. ఇంట్లోకి ఉరికి నీళ్లు తాగుతుంటే అమ్మ అడిగింది. "ఏమన్నదే గామె?"

"పోతున్నదట... బై చెప్పమన్నది" అని, గ్లాసు అక్కడే పడేసి పరుగెత్తాను. అంతే.

సాయంత్రం అమ్మ మంచి చీర కట్టుకుని కూర్చుంది. "పిలువంది ఎట్ల పోతం, సామాన్లు సదురుకుంటుంటది" అంది. పిలుపు రాలేదు. కారు వెళ్లిపోయింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది... భయమేసి నోరు మెదపలేదు. ఆ తర్వాత అమ్మ ఏ పాటా పాడగా నేను వినలేదు.

ఇప్పుడు నాకూ నలభై దాటాయి. మళ్లీ ఈ సౌదీలోనే, అల్ ఖోబర్‌లో అజీజియా అనే పేటలో ఉంటున్నాను. మొన్న ఫోన్‌లో ఒక రీల్ వచ్చింది... జపాన్‌లో నడివయసు ఆడవాళ్లు కరావోకేలో పాడుకునే పాత పాటలట. మూడోది మన పాటే! ఆగలేక జగిత్యాలలో ఉన్న అమ్మకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"గిది మిచికో పాటనే గదా... పొయ్యేటప్పుడు నన్ను ఒక్కసారి పిలువకపాయె. నేనేం తప్పు చేసిన్నో ఏమో."

ఇన్నేళ్లూ అలా అనుకుంటూనే ఉందా! వంటింట్లో నిలబడలేకపోయాను. హాల్లోకి, బాల్కనీలోకి, మళ్లీ వంటింట్లోకి తిరుగుతూనే మొత్తం చెప్పేశాను. తిడుతుందని చూశాను. అమ్మ అంది...

"గందుకేనానే... కారు మనింటి ముందల ఆపి రెండుసార్లు హారన్ గొట్టించింది. నేను తలుపు సాటుకే ఉన్న. అలిగి బయటికి రాలే."

తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఏ భాషనైనా ఫోనే చెప్పేస్తోంది, పిల్లల్ని నమ్ముకోవాల్సిన పని ఎవరికీ లేదు... నాకైతే నాలుగు రోజులుగా ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఆటల తొందరలో మీరూ ఎవరి మాటైనా సగంలో మింగేశారా? ఉంటే కింద రాయండి... రాసేముందు మాత్రం, ఆ మాట అందాల్సిన మనిషికి ఒక్క ఫోన్ చేయండి.