ఎడమవైపు కొలత

ఆ రోజు కొత్త జాకెట్టుకు టక్కులు, అంటే రొమ్ము దగ్గర ఆకారం కోసం పట్టే మడతలు, సరిచూసుకుంటున్నాను. మాది కల్వకుర్తి. పెళ్లికి ముందు నుంచీ నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను. ఇంకెవరు కుట్టినా నాకు నచ్చదు. చంక దగ్గర చిన్న ముడత కనబడినా, విప్పి మళ్లీ కుట్టేదాకా అన్నం సయించని రకం నేను. జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఎడమవైపు గుండుసూది గుచ్చబోతుంటే వేలికి ఏదో గట్టిగా తగిలింది. లోపల లైనింగు ముడత పడిందనుకున్నాను. విప్పి చూస్తే లైనింగు శుభ్రంగానే ఉంది. గడ్డ నా ఒంట్లో ఉంది. చింతగింజంత ఉంటుంది. నొప్పి లేదు, నొక్కితే కదలడమూ లేదు.

మా ఆయనకు చెప్పాను. మర్నాడే మహబూబ్‌నగర్ వెళ్లాం. మామోగ్రామ్ తీశారు, తర్వాత బయాప్సీ అన్నారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ నన్నే చూస్తూ చెప్పింది.

"గడ్డ మంచిది కాదమ్మా. కానీ జల్దీ వచ్చినవ్. ట్రీట్‌మెంట్ ఉంది, ధైర్యంగ ఉండాలె."

"తీసేస్తే అయిపోతదా మేడం?" అని మా ఆయన అడిగాడు.

"తీసినంక కీమో, రేడియేషన్ గూడ ఉంటయి. జర టైం పడ్తది."

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. మాస్టెక్టమీ అన్నారు. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు, చంకలోని లింఫ్ నోడ్స్ అనే గ్రంథులు కూడా తీశారు. గాయంలోని నీరు పోవడానికి పెట్టిన డ్రెయిన్ పైపు తీసిన రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న, మిషన్ ఎప్పుడు తొక్కొచ్చు అని. సర్జన్ నవ్వాడు. "ముందు చెయ్యి పైకి లేవనియ్యమ్మా. మిషన్ ఎటూ పోదు" అన్నాడు.

కీమో గురించి అందరూ జుట్టు సంగతే చెబుతారు. నాకు జుట్టు కంటే నోరే ఎక్కువ బాధ పెట్టింది. పుండ్లు పడి, పల్చటి జావ కూడా మంటెత్తేది. మధ్యలో జ్వరం వచ్చి రక్తంలో కౌంట్స్ పడిపోతే, కీమో ఆపి మళ్లీ దవాఖానలో చేర్చారు. ఆ తర్వాత రేడియేషన్‌కు ఎడమవైపు చర్మం నల్లగా కమిలిపోయింది.

ఆ రోజులన్నీ నైటీల్లోనే గడిచాయి. నైటీ అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. దానికి కొలతా ఉండదు, తీరూ ఉండదు. మంచం మీద పడుకుని కళ్లు మూసుకుంటే నా మిషన్ చప్పుడు వినబడేది. నారాయణపేట చీర అంచు కత్తిరించి చేతులకు వేస్తున్నట్టు, హుక్సు కుడుతున్నట్టు మనసులోనే ఒక్కో జాకెట్టు పూర్తి చేసేదాన్ని. కొత్త గుడ్డ వాసన కోసం ప్రాణం కొట్టుకునేది. నిజానికి నేను బెంగపడింది జాకెట్టు మీద కాదు. అది తొడుక్కుని, కొంగు సర్దుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని వాకిట్లోకి వచ్చే ఆ మనిషి నాకు కావాలి.

ట్రీట్‌మెంట్ అయ్యాక, మిషన్ తొక్కడానికి డాక్టరమ్మ సరే అంది. మిషన్ మీద గుడ్డ తీసి దుమ్ము దులిపాను. పెట్టెలోంచి నా ఆది జాకెట్టు తీశాను. కుట్టేవాళ్లకు తెలుసు, ఒంటికి బాగా కుదిరిన జాకెట్టు ఒకటి దాచుకుని, దాని కొలతలతోనే మిగతావన్నీ కుట్టుకుంటాం. గుడ్డను రెండు మడతలు వేసి, దాని మీద ఆది జాకెట్టు పరిచి, అరిగిన సబ్బుముక్కతో గీసి కత్తిరిస్తే రెండు వైపులూ ఒక్కలాగే వస్తాయి. అట్లాగే కత్తిరించి కుట్టాను. తొడుక్కుంటే ఎడమవైపు గాలి తీసేసినట్టు పడిపోయింది. మెడ ఎడమ భుజం మీదికి జారింది, హుక్సు వరుస వంకర పోయింది. నా చేతికి పనితనం పోయిందనుకున్నాను. విప్పి, ఎడమవైపు లోపలికి పట్టి కుట్టాను. ఈసారి చంక కోసుకుపోయింది.

కొన్నాళ్లకు ఎడమ చెయ్యి బరువెక్కింది, గాజులు పైకి పోవడం మానేశాయి. నోడ్స్ తీసేసినందువల్ల వచ్చే వాపు, లింఫెడీమా అని చెప్పారు. "ఈ చేతికి బీపీ చూపియ్యొద్దు, సూది ఇప్పియ్యొద్దు, బిగుతు బట్టలు ఎయ్యొద్దు" అంది డాక్టరమ్మ. ఫిజియోథెరపీ మొదలైంది. మిషన్ మీద మళ్లీ గుడ్డ కప్పాను. దాన్ని చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

వాపు తగ్గాక మళ్లీ కూర్చున్నాను. మళ్లీ అదే ఆది జాకెట్టు, అవే రెండు మడతలు. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆమె వయసంతా ముందు ముడివేసే రవికలతోనే గడిచింది. నా ఫిట్టింగు పిచ్చి చూసి ఎప్పుడూ నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు.

"గా జాకెట్టు ఎవరిది బిడ్డా?"

"నాదే అత్తమ్మా."

"నీదెట్లయితది? గప్పటి మనిషివా నువ్వు?"

నాకు కోపం వచ్చింది. "పుండు మీద కారం చల్లుతున్నవా?" అన్నాను.

"చల్లుతలేను. నువ్వు చూస్కోవు, ఒకరిని చూడనియ్యవు. గుడ్డ ఎట్ల కుదురుతది?"

ఆ మాట నిజమే. ఆపరేషన్ అయినప్పటి నుంచి గడియ పెట్టుకుని, కిందికి చూసుకోకుండా స్నానం చేస్తున్నాను, చీకట్లో బట్టలు మార్చుకుంటున్నాను. మా ఆయనకు కూడా చూపించలేదు. గదిలోకి పోయి, తలుపు వేసుకుని, నా కొలతలు నేనే తీసుకోబోయాను. ఎడమ చెయ్యి వెనక్కి పోలేదు. టేపు జారి కిందపడింది, తీస్తే మళ్లీ జారింది. చివరికి గడియ తీశాను.

"అత్తమ్మా, జర లోపలికి రా."

వచ్చి చూసింది. తర్వాత మచ్చ పక్కన మెల్లగా వేలుపెట్టి, "కుట్లు సక్కగనే ఏసిండ్రు. నీకంటె నయ్యం" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె కళ్లు కూడా తడిశాయి.

ఆమెకు అంకెలు రావు. టేపు వీపు మీదుగా తెచ్చి, సరైన చోట బొటనవేలు నొక్కిపట్టి, "గీడ పట్టిన, నువ్వు చూస్కో" అనేది. నేను చదివి రాసుకున్నాను. కుడి కొలత, ఎడమ కొలత ఎక్కడా కలవలేదు. అప్పుడర్థమైంది, గుడ్డను మడత పెట్టినన్నాళ్లూ నాకు జాకెట్టు కుదరదని. మడత విప్పి, గుడ్డ పరిచి, రెండు వైపులు వేరువేరుగా గీశాను. ఎడమవైపు టక్కు లేదు, చంక వదులు, చెయ్యి వెడల్పు. లోపల, రొమ్ము ఉండాల్సిన చోట, మెత్త పెట్టుకోవడానికి సంచి కుట్టాను. దూదితో చేసిన మెత్త బరువు లేక నడుస్తుంటే మెడదాకా ఎక్కేది. "గుప్పెడు కొర్రలు పొయ్యి, కిందికుంటది" అంది అత్తమ్మ. పోశాను. ఉంది.

జాకెట్టు కుదిరింది. మెడ నిలిచింది, హుక్సు తిన్నగా వచ్చాయి. సంతోషమే. అయినా ఆ రాత్రి పాత ఒంటి మీద బెంగతో ఏడ్చాను. ఆ బెంగ ఇప్పటికీ ఉంది, ఉండనీ.

ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాను, చెకప్‌లకు మహబూబ్‌నగర్ వెళ్లివస్తున్నాను. చెయ్యి బరువనిపించేదాకా కుడతాను, తర్వాత లేస్తాను. పోయినసారి చెకప్‌కు నేను కుట్టిన జాకెట్టుతోనే వెళ్లాను. బస్సులో నిలబడి కుడిచేత్తో పై రాడ్డు పట్టుకున్నా ఎక్కడా పట్టలేదు.

నాలాంటి ఆపరేషన్ అయినవాళ్లకు ఒక్కటే చెబుతాను. పుండు మానాక, డాక్టర్ సరే అన్నాక, కొలతలు కొత్తగా తీయించుకోండి, రెండు వైపులా వేరువేరుగా. టేపు మాత్రం మీరే పట్టుకోకండి, వీపు మీదికి మన చెయ్యి అందదు. ఇంట్లో మీకు నమ్మకమున్న మనిషిని లోపలికి పిలవండి. నేను పిలవడానికి ఏడాది దాటింది. మీరు అంతకాలం ఆగకండి.