కారని కుండీ

మా బావ కుళాయిలు బాగుచేస్తాడు. పదిహేనో ఏట రెంచి పట్టాడు, ఇప్పుడు యాభై నాలుగు. వీధిలో ఆయన పేరు ఎవరికీ తెలీదు, అందరికీ కుళాయి మేస్త్రే. ఎక్కడైనా నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడితే ఆయనకి అన్నం సయించదు. ఒకసారి నాతో పనిచేసే ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. మేమంతా కంచాల ముందు కూర్చుంటే ఈయన వెళ్ళి వంటింట్లో సింకు కింద దూరాడు. "ఐదు నిమిషాలు" అని ముప్పావుగంట తర్వాత తడిసిన చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. నాకు తల తీసేసినట్టయింది. మా అక్క మాత్రం ఆయన కంచంలో చల్లారిన అన్నం తను వేసుకుని, వేడిది ఆయనకి పెట్టింది.

అసలు మా ఇంటికి అల్లుడైందీ అలాగే. స్నానాల గదిలో పైపు బాగుచేయడానికి వచ్చాడు. బాగైన తర్వాత కూడా "ఓసారి చూసిపోదామని" మూడుసార్లు వచ్చాడు. నాలుగోసారి మా నాన్న, "పైపు బాగానే ఉంది గానీ నాయనా, సంగతేంటో చెప్పు" అన్నాడు. వాషరుతో పాటు మా అక్కని కూడా బిగించుకుపోయావని నేను బావని ఏడిపించేదాన్ని. ఇప్పుడు ఏడిపించడం లేదు.

వాళ్ళకి పిల్లల్లేరు. మూడో అంతస్తులో రెండు గదులు. అక్క దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. ఏడేళ్ళ కిందట ఓ సాయంత్రం పని నుంచి వస్తూ ఆ చెట్టుని తెచ్చింది. ఐదు లేత కాండాల్ని జడలా అల్లి ఒకే కుండీలో పాతారు. పైన అరచెయ్యి విప్పినట్టు ఆకులు. అమ్మినవాడు ఏదో పేరు చెప్పాడట, అక్కకి నోరు తిరగలేదు. జడచెట్టు అంది, మాకూ అదే పేరైంది. సొంత చోట అయితే అది చిత్తడి నేలల్లో, వరద నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని మేడంత ఎత్తు పెరుగుతుందట. మా బావకి ఆ ఒక్క ముక్కే చెవికెక్కింది.

"నీళ్ళ చెట్టా? అయితే మన చెట్టే!" అని తెగ మురిసిపోయాడు.

మర్నాడు అక్క నీళ్ళు పోస్తే కుండీ అడుగు నుంచి కారి గదంతా మడుగైంది. కుళాయి మేస్త్రి ఇంట్లో నీళ్ళు కారడమా! సాయంత్రం అక్క వచ్చేసరికి నేల పొడిగా ఉంది. "బాగుచేశాలే" అన్నాడట. ఏం చేశాడో నేను అడగలేదు. కారడం ఆగింది కదా, ఇంకేం అడుగుతాం.

చెట్టు కిటికీ పై అంచు దాకా పెరిగింది. అక్క తడిబట్టతో ఒక్కో ఆకూ తుడిచేది. వెలుతురు వైపుకి వంగిపోకుండా వారానికోసారి కుండీని కాస్త తిప్పి పెట్టేది. నీళ్ళు మాత్రం పది రోజులకోసారి ఓ టీ గ్లాసుడు పోసేది. "ఏంటే ఆ పిసినారితనం? నీళ్ళలో పెరిగే చెట్టన్నారుగా" అని నేనంటే, "దానికి చాల్లే" అనేది.

పోయిన వానాకాలంలో అక్క చనిపోయింది. కడుపులో జబ్బు. ఆసుపత్రిలో ఆఖరి రోజు ముక్కుకి గొట్టం ఉంది, మాట కూడబలుక్కుంటోంది. మేమిద్దరం మంచానికి చెరోపక్క ఉన్నాం. "నీళ్ళు" అంది. బావ చెంచాతో పట్టబోతే తల అడ్డంగా ఊపింది. "చెట్టుకి... నీళ్ళు..." అంది. ఆ తర్వాత ముక్క గొంతులోనే ఉండిపోయింది. మన మాటల్లో అసలు సంగతి చివర్నే ఉంటుంది కదా, పొయ్యి అనో, పోయొద్దు అనో. బావ ఆమె చెయ్యి పట్టుకుని, "పోస్తాను, నీకెందుకు, రోజూ పోస్తాను" అన్నాడు. అక్క ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఒప్పుకుందని అనుకున్నాం.

చెప్పినట్టే రోజూ పోశాడు. పొద్దున్నే పనిసంచీ భుజాన వేసుకుని, చెప్పులు వేసుకోబోతూ ఓ చెంబుడు. నెల తిరిగేసరికి ఆకులు పండిపోయి రాలడం మొదలైంది. నీళ్ళు చాలడం లేదనుకుని సాయంత్రం కూడా పోశాడు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఎరువు తెచ్చాడు. కుండీని ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి మోశాడు. అన్నం తిన్నాడో లేదో గానీ దాని పక్కన కూర్చోని రోజు లేదు. "మీ అక్క నాకు అప్పజెప్పింది ఇదొక్కటే. ఇది కూడా పోతే నేనేం చెయ్యను?" అనేవాడు. ఊరుకో బావా, చెట్టేగా అని ఒకసారి కసురుకున్నాను. అలా అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

ఓ ఆదివారం పొద్దున ఫోను చేసి, "ఒకసారి రా అమ్మా" అన్నాడు. వెళ్ళాను. కాండం మీద వేలు పెట్టి చూపించాడు. మాగిన పండులా లోపలికి దిగిపోయింది. ఐదూ అంతే. మట్టి మారిస్తే లేస్తుందేమోనని నేనే అన్నాను. పాత పేపర్లు పరిచి ఇద్దరం కుండీని ఎత్తాం. చచ్చేంత బరువు. వంచేసరికి నల్లటి నీళ్ళు భళ్ళున పడ్డాయి, కుళ్ళు వాసన. వేర్లు చేతికి జిగురుగా ఊడొచ్చాయి.

ఖాళీ కుండీని బోర్లించాను. అడుగున నీళ్ళు పోవడానికి ఉండాల్సిన కన్నం లేదు. పైపు అతుకులకి వాడే ముద్దతో మూసేసి ఉంది. ఆరి రాయైపోయింది. దాని మీద బొటనవేలి ముద్ర, దానికి అడ్డంగా కోత గీత. అదే గీత బావ కుడిచేతి బొటనవేలి మీదా ఉంది.

"కారుతోందని నేనే బిగించాను" అన్నాడు. కాసేపు దాన్నే చూశాడు. "మరి ఏడేళ్ళు ఎలా బతికింది?"

ఎలా బతికిందో అప్పుడే నాకు తెలిసింది. ఒకసారి నేను చెప్పాపెట్టకుండా వచ్చినప్పుడు అక్క స్నానాల గదిలో కూర్చుని ఉంది. చెట్టంత చెట్టుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మట్టి జారకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, కుండీని ఒంచి చుక్క చుక్కా నీళ్ళు వంపుతోంది. "చెట్టుకి తలంటా?" అని నవ్వాను. "మీ బావ వచ్చేలోపు అయిపోవాలి" అంది. అంతకుమించి చెప్పలేదు, నేనూ బుర్ర పెట్టలేదు. ఇప్పుడు ఆ సంగతి ఆయనకి చెప్పేశాను. నా నోట్లో ఏదీ దాగదు.

బావ పేపర్ల మీద కూలబడ్డాడు. "తీసెయ్యమంటే తీసేసేవాణ్ణిగా. రెండు నిమిషాల పని. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మురిసిపోయావుగా, బాగుచేశానని."

ఆయన ఏడ్చాడు. ఆసుపత్రిలోనూ ఏడవని మనిషి, చేతుల నిండా ఆ బురదతోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చాలాసేపటికి తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వు ఎప్పుడూ మీ అక్క దగ్గరే ఉండేదానివి. నీకు తెలుస్తుంది. నాకు చెప్పనివి ఇంకా ఏమున్నాయి?"

ఒకటుంది. కడుపులో నొప్పని అక్క మొదట డాక్టరు దగ్గరికి నాతోనే వెళ్ళింది. పెద్ద పరీక్షలు చేయించాలి, ఆలస్యం చేయొద్దు అన్నాడాయన. బావ అప్పుడే పన్నెండంతస్తుల మేడకి పైపులు వేసే పని ఒప్పుకున్నాడు. జీవితంలో అంత పెద్ద పని రావడం అదే మొదలు. "ఈ పని పూర్తి కానివ్వు, తర్వాత చెబుతా. తెలిస్తే మానేసి ఇంట్లో కూర్చుంటాడు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ పని పూర్తి కావడానికి నాలుగు నెలలు పట్టింది.

బావ నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఏమీ లేవు బావా" అన్నాను. "ఇదొక్కటే."