ఆడ తేలు వీపు మీద

1964 జూన్ 20. తెల్లవారగానే మొదటి ఆశ్చర్యం, మా గుమ్మంలో రహీమా. నా తరగతిదే అయినా మా ఇంటికి ఎన్నడూ రాలేదు. "సైన్సు సారు రాత్రి పోయిండంట. గుండె ఆగిందంట. రైల్వేల పనిచేసే మా అన్న చెప్పిండు," అంది. ఏడుపు కంటే ముందు నాకు తట్టింది ఒకటే: ఇది కూడా ఆమెకే ముందు తెలిసింది.

సారు వికారాబాద్ నుంచి తాండూరు బడికి రోజూ రైలులో వచ్చేవారు. ఈ మధ్య ఒడిలో ఒక గాజు సీసా, అందులో బండ కింద దొరికిన ఆడ తేలు. దాన్ని చూసి పక్కన ఎవరూ కూర్చోరని, ధారూర్ స్టేషను దాటేదాకా కాళ్ళు చాపుకుని వస్తానని నవ్వేవారు. అలా లేచి వెళ్ళినవాళ్ళు ఇది చదివే మీలోనూ ఉండవచ్చు. ఆ జాతి మగ తేలు ఎలా ఉంటుందో ఎవరో ఎప్పుడో రాశారట, ఆడదాని గురించి ఎవరూ రాయలేదట. "మగదాన్ని ముందే రాసేసిండ్రు. నాకు మస్తు కడుపుమంట. ఆడదాన్ని మనమే రాద్దాం," అనేవారు.

రాయడంలో ఆయనకు ఒకటే నియమం: పోలికలు పెట్టకూడదు. కొత్తగా మాటల పిచ్చి పట్టిన నేను, తోక విల్లులా వంగిందని రాశాను. "విల్లు ఏడున్నది బిడ్డా? నాకైతే కనిపిస్తలేదు," అని కొట్టేశారు. రహీమా రాసింది: పొట్ట వెడల్పు. కాళ్ళు పసుపు. తోక చివరి కణుపు నలుపు. సారు దాన్ని పైకి చదివి తలూపారు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. అయినా ముందు చూసి, తర్వాత మాట వెతకడం నాకు నేర్పింది ఆయనే.

ఇవాళ బడి పిల్లలందరం సారును చివరిసారి చూడటానికి వికారాబాద్ వెళ్ళాం. తిరిగి బయలుదేరేముందు సారు భార్య నన్నొక్కదాన్నే వంటింట్లోకి పిలిచింది. గూట్లో ఉన్న సీసా చూపించి, "నాకంటె దీనితోనే ఎక్కువ మాట్లాడుతుండె," అంది. కోపమో దుఃఖమో తెలియలేదు. "పొద్దున చూస్తే పిల్లల్ని పెట్టింది. ఆయన చూడకనే పాయె. రేపొక్కరోజు ఉంచుత. ఎల్లుండి గుట్టమీద ఇడిసిపెట్టిస్త."

వంగి చూశాను. తేలు వీపు నిండా తెల్లటి పిల్లలు. నాకు వెంటనే ముత్యాలు తోచాయి, తర్వాత మల్లెమొగ్గలు. పిల్లలు మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఎంతకీ కనిపించలేదు.

రైలులో రహీమా నా పక్కనే కూర్చుంది. చెప్పకపోతే ఆ వీపు నా ఒక్కదానిదే. తాండూరు వచ్చేదాకా చెప్పలేదు.

కానీ ఉన్నది ఒక్క రోజు. నా కళ్ళకు ముత్యాలు అడ్డం వస్తున్నాయి, రహీమా కళ్ళకు రావు. రేపు పొద్దున మొదటి రైలుకు ముందే వాళ్ళ గుమ్మంలో నిలబడతాను. ఇద్దరం వెళ్ళి, చూసి, రాయాలి. ఈ కబురు మాత్రం నేనే ముందు చెప్తాను.