బావి లేదని రాసిన పేజీ

మా సారు పోయారని ఉదయగిరి నుంచి వాళ్ల అమ్మాయి రాసిన కార్డు మొన్న మంగళవారం అందింది. "మా అబ్బా నిద్రలోనే పోయినారక్కా, ఏం బాధపడలేదు" అని రాసింది. ఆ మాటకు కాస్త ఊరట కలిగింది, తర్వాత చాలాసేపు ఏడ్చాను.

ఆత్మకూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు చరిత్ర చెప్పారు. తర్వాత ఎం.ఫిల్‌లో చేరినప్పుడు యూనివర్సిటీలో గైడు వేరే ఉన్నా, రాసిందల్లా పట్టుకుని ఉదయగిరి బస్సెక్కేదాన్ని. సారు ఎర్ర సిరా ముట్టరు. అనుమానం వచ్చిన చోట పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, టీ తెమ్మని లోపలికి కేకేస్తారు. టీ వచ్చిందంటే ఇక ప్రశ్నలు మొదలు, నా పని అయిందన్నమాటే.

సోమశిల ప్రాజెక్టులో మునగబోయే ఎనిమిది పల్లెల గురించి నేను అప్పుడు రాస్తున్నాను. ఎండలకు జడిసి, ఒక పల్లెకు పోకుండానే ప్రాజెక్టు ఆఫీసు జాబితా చూసి "ఇక్కడ మంచినీటి బావి లేదు" అని రాసేశాను. సరిగ్గా అక్కడే సున్నా పడింది.

"దీన్ని ఆ ఊరోళ్లకు చదివి వినిపించమ్మా. వాళ్లు ఊ అంటే నేనూ ఊ అంటా" అన్నారు. ఎవరి గురించి రాస్తే వాళ్లకు వినిపించాకే టైపుకివ్వాలి, అదీ ఆయన పద్ధతి.

మర్నాడు ఇద్దరం పోయాం. అరుగు మీద ఒక అవ్వ నేను చదివిందంతా విని, "ఎవుర్ని అడిగి రాసినావు పాపా? మా మామ తవ్వించిన బాయి ఉండాది గదా. దాన్ని దాటుకునే వచ్చినావు" అనింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తల ఎత్తలేకపోయాను.

తిరుగు బస్సులో సారు అడిగారు: "ఇంకెన్ని ఊర్లకు పోలేదు?"

"రెండు, సార్. నాలుగు రోజుల్లో థీసిస్ ఇచ్చేయాల. ఇయ్యకపోతే లెక్చరర్ పోస్టు చేజారిపోతాది."

"పోస్టు మళ్లీ పడతాదమ్మా. ఆ ఊర్లు మళ్లీ ఉండవు."

కోపంతో ఆత్మకూరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. కానీ గడువు అడిగాను, అవ్వ ఊరితో కలిపి ఆ మూడు పల్లెలూ తిరిగాను. పోస్టు ఇంకొకరికి పోయింది. రెండేళ్లకు నాకూ ఒకటి వచ్చింది. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలకు నేనూ పెన్సిలు సున్నాలే చుడతాను, తిట్టుకుంటారని తెలిసి కూడా. ఆయన చేతిలో పడటం నా అదృష్టం.

నీళ్లు వచ్చి ఊరు మునిగాక, బైండు చేయించిన థీసిస్ కాపీ పట్టుకుని, సారూ నేనూ ఆ ఊరోళ్లకిచ్చిన కొత్త కాలనీకి పోయాం. అవ్వకు చూపు తగ్గింది. బావికి మెట్లెన్ని, నీళ్లు ఏ నెల దాకా ఉండేవి, ఎవరు ముందు తోడుకునేవాళ్లు, అంతా చదువుతున్నాను. సారు నా మోచేయి తట్టి "నిదానంగా చదువమ్మా" అన్నారు. తలెత్తి చూస్తే అవ్వ కళ్లు మూసుకుని ఉంది. ఆమె చేతులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి, ఒళ్లో, లేని చేంతాడు లాగుతున్నాయి.