చిన్నమ్మ ఆ పొద్దు అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో తరచుగా ఎవరో ఒకరు బోర్లా పడుకుని నా కాలి కోసం ఎదురుచూస్తూ ఉండేవాళ్లు. నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అట్లా పుట్టినవాడు ఎడమకాలితో వీపు మీద మూడుమార్లు నిమిరితే నడుములోనో భుజంలోనో పట్టేసిన నొప్పి దిగిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. మాది చింతామణి నుంచి బట్లహళ్ళికి పోయే దారిలో ఒక చిన్న పల్లె. మురుగమల్ల వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు బెల్లమో వేరుశనక్కాయలో తెచ్చేవాళ్లు. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. పెద్దపెద్ద మనుషులు నా ముందు పడుకుని ఉంటే లోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఒక ముసలాయన మాత్రం ప్రతిసారీ తల తిప్పి, "మెల్లగా అప్పా, పోవాల్సింది నొప్పి, వెన్నుపూస కాదు" అనేవాడు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఆ కాలు ఒక్కటే కాదు. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఉన్నట్టుండి ఎట్లా పోయాడన్న దాని గురించి మా బంధువుల్లో నలభై ఏళ్లుగా ఒక కథ నడుస్తోంది. పెళ్లాం నోటి మాట తగిలి పోయాడని ఆ కథ. అది నిజం కాదు. నిజం విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. విని కూడా ఇన్నేళ్లు ఊరుకున్నాను.

మా చిన్నాయన కపిల తోలేవాడు. ఈ కాలం పిల్లలకు కపిల తెలియదు. బావిలోకి పెద్ద తోలుసంచి దించి, దాని మోకును ఎద్దుల కాడికి కట్టి, వాటిని ఏటవాలు బాటలో కిందికి తోలితే సంచి నీళ్లతో పైకి వస్తుంది. దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చుని హాయిగా దిగుతాడు. ఎద్దులను వెనక్కి నడిపించుకుంటూ ఎక్కేటప్పుడే కష్టం. తెల్లవారుజాము నుంచి ఎండ ముదిరేదాకా అట్లా దిగుతూ ఎక్కుతూ ఉండాలి. మా ఊళ్లో ఆ పని పాట పాడుతూ చేయగలిగినవాడు మా చిన్నాయన ఒక్కడే.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఆయన పాట తగ్గిపోయింది. బాట ఎక్కుతూ మధ్యలో నిలబడిపోయేవాడు. రెండు రెక్కల నడుమ ఎవరో ముడి వేసి లాగినట్టు ఉందనీ, ఎడమచెయ్యి బరువెక్కుతోందనీ చెప్పేవాడు. మోకు లాగి లాగి పట్టేసి ఉంటుందని అందరూ అన్నారు. నన్ను పిలిచారు. వసారాలో పడుకున్నాడు. నేను కాలు పెట్టాను. లేచి కూర్చుని భుజం ఒకసారి తిప్పి చూసుకుని, "తగ్గిందిరా, నీ కాలు బంగారం" అన్నాడు. మళ్లీ కొన్నాళ్లకు వచ్చింది. మళ్లీ పెట్టాను. మళ్లీ తగ్గిందన్నాడు. ఆయన తగ్గిందన్నప్పుడల్లా నేను ఒక జానెడు పెరిగేవాణ్ణి.

ఒక పొద్దు నేను కొట్టంలో ఎద్దుల తలుగులు విప్పుతున్నాను. చిన్నాయన కాడి భుజానికెత్తుకుంటున్నాడు. చిన్నమ్మ చంకలో బిడ్డతో వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది. ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తున్నాయి.

"రాత్రంతా కూసోనే ఉండావు. పండుకుంటే ఎద మింద రాయి పెట్టినట్ల ఉండాదంటివి. ఈ పొద్దు కపిల వద్దు. బండి కట్టిస్తా, చింతామణి ఆస్పత్రికి పోదాం."

చిన్నాయన నవ్వాడు. "మన ఇంట్లోనే డాక్టరుండంగా చింతామణికి యాలమే" అని నా వైపు చూపించాడు.

"కాలు పెట్టించుకుంటివి గదా. తగ్గిందా?"

ఆయన నా ముఖం చూశాడు. "తగ్గింది. ఉర్లగడ్డ మడి ఎండిపోతాంది. ఆ తడి కానీ, రేపు పోదాం" అంటూ ఎద్దులను తోలుకుని బయలుదేరాడు.

చిన్నమ్మ వీధి వాకిలి దాకా వెంటబడి పోయింది. ఆయన ఆగలేదు. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "పో. పొయ్యి ఆ బాయికాడనే పడిపో. నేనింక అడగను" అని గట్టిగా అనేసింది. నీళ్లకు పోతున్న ఆడవాళ్లు, అరుగు మీద కూర్చున్న మా అవ్వ విన్నది ఆ చివరి మాట ఒక్కటే. కొట్టంలో అన్నవేవీ వాళ్ల చెవిన పడలేదు.

ఎండ ఇంకా ముదరకముందే కబురొచ్చింది. ఎద్దులు బాట మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాయట. నీళ్ల సంచి బావిలో సగం దాకా వచ్చి వేలాడుతోందట. చిన్నాయన గట్టుకు ఆనుకుని కూర్చుని ఉంటే, అలసి కునుకు తీస్తున్నాడనుకుని పక్క మడివాళ్లు చాలాసేపు పలకరించలేదట.

మా అవ్వ ఆ పొద్దు వాకిట్లో కూలబడి, "నా కొడుకును నోటితో మింగితివి గదే" అంది. ఆ మాట అక్కడున్న అందరి తలల్లోనూ నాటుకుపోయింది.  చిన్నమ్మ తల ఎత్తి ఒక్కసారి నా వైపు చూసింది. కొట్టంలో ఏమన్నదో నాకు తెలుసని ఆమెకు తెలుసు. నేను మా అమ్మ వెనక్కి జరిగాను. ఆమె మాట వల్ల కాదని తేలితే, మరి కాలు పెట్టినవాడి సంగతేమిటని అడుగుతారేమోనని నా భయం. నన్నెవరూ అడగలేదు. చనిపోయిన మనిషికి నేను కాలు పెట్టిన సంగతి అందరూ మరిచిపోయారు. తప్పంతా ఆమె నోటి మీదికి పోయింది గనుక నా కాలికి మచ్చ అంటలేదు. కొన్నాళ్లకే మళ్లీ మనుషులు వచ్చి వసారాలో పడుకోవడం మొదలుపెట్టారు.

ఆ చలికాలం రాగుల కళ్లంలో జరిగింది ఆ తర్వాతి సంగతి. నాయన కంకుల మీద ఎద్దులతో రాతిగుండు తోలుతూ తోలుతూ ఆగిపోయాడు. అంత చలిలో ముఖమంతా చెమట. పంచె కొంగుతో తుడుచుకుంటూ వచ్చి గడ్డి మీద బోర్లా పడుకుని, "రారా, వీపులో పట్టుకున్యాది. కాలు పెట్టు" అన్నాడు. నేను దగ్గరికి పోయి కాలెత్తాను.

కళ్లం అవతలి కొసన చిన్నమ్మ రాగులు తూర్పారబడుతోంది. మా ఇళ్లలో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట నిలబడదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె మా నాయనతో ఒక్క మాట అనగా నేను వినలేదు. అట్లాంటిది చేట కింద పడేసి వచ్చింది. నాయనకు వీపు పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, నాతో అంది.

"కాలు పెట్టొద్దప్పా. నీ కాలుతో పొయ్యే నొప్పి కాదిది. మీ నాయనకు చెప్పు, ఆయప్పకూ ఇట్లనే వచ్చె. కాలు పెట్టించుకుని తగ్గిందన్న్యాడే గానీ తగ్గలేదు. పిల్లోడు చిన్నబుచ్చుకుంటాడని అట్ల చెప్తాండానని నాతో అన్న్యాడు."

నాయన ఆమెకు నాలుగు బారల దూరంలో ఉన్నాడు. అన్నీ వినబడ్డాయి. అయినా తలెత్తకుండా నన్నే అడిగాడు. "ఏమంటాదిరా మీ చిన్నమ్మ?"

ఆ మాటలన్నీ నేను నా నోటితో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చిన్నాయనకు తగ్గలేదంట, నేను చిన్నబుచ్చుకుంటానని తగ్గిందన్నాడంట అని.  నేను ఎన్నోసార్లు తలచుకుని మురిసిపోయిన మాట, ఆయన నా మీద ప్రేమకొద్దీ చెప్పిన అబద్ధమని అప్పుడు తెలిసింది.

"ఎడమచేతిలోకి దిగతాందేమో అడుగు" అంది చిన్నమ్మ.

"దిగతాందని చెప్పు."

"దవడ పీకతాందేమో అడుగు."

నాయన చేత్తో దవడ తడుముకున్నాడు. "పీకతాంది" అన్నాడు.

"అట్లయితే బండి కట్టమను. రేపు అనొద్దను. ఆయప్ప రేపనే అన్న్యాడు."

నేను ఆ మాట కూడా చెప్పాను. నాయన గడ్డి మీద నుంచి మెల్లగా వెల్లకిలా తిరిగాడు. ఆకాశం చూస్తూ, "బండి కట్టమనురా" అన్నాడు. చిన్నమ్మ అప్పటికే తన పనిలోకి వెళ్లిపోయింది.

చింతామణి ఆస్పత్రిలో డాక్టరు ఎద మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఇది వీపు నొప్పి కాదు, గుండెది అన్నాడు. సూది వేసి, అక్కడి నుంచి బెంగళూరు పెద్దాస్పత్రికి పంపాడు. నాయన నెలల తరబడి మంచాన ఉండి లేచాడు. బీడీ మానేశాడు. ఊరగాయ, ఉప్పుచేప ముట్టలేదు. బరువు పనులు కూలివాళ్లకు వదిలేశాడు. తప్పకుండా పోయి డాక్టరుకు చూపించుకుని వచ్చేవాడు. అట్లా జాగ్రత్తగా ఉండి నా పెళ్లి చూశాడు, మనవళ్లను ఎత్తుకున్నాడు, ముసలితనంలో పోయాడు.

కానీ ఊళ్లో కథ వేరేగా పుట్టింది. కళ్లంలో దూరంగా ఉన్న కూలివాళ్లు నేను కాలెత్తి నిలబడడం చూశారు. నేను కాలు పెట్టబట్టే ఆస్పత్రి చేరేదాకా ప్రాణం నిలిచిందన్నారు. నాయన కాదనలేదు. కాదంటే తమ్ముడి పెళ్లాం చెప్పిన మాట విని లేచానని ఒప్పుకోవాలి. అందరి ముందూ ఆమె తనతో మాట్లాడిందని చెప్పాలి. ఆ కాలపు మనిషికి అది చేతకాలేదు. నేనూ కాదనలేదు. నా విషయంలో మాత్రం ఆ కాలం అట్లాంటిదని సాకు చెప్పుకోలేను. నా పెళ్లిలో కూడా ఆ కథ చెప్పారు. నవ్వుతూ తల వంచుకుని విన్నాను. అక్కడే విస్తళ్ల దగ్గర చిన్నమ్మ వడ్డిస్తూ ఉంది.

ఆ నింద ఆమె బతుకంతా ఆమెతోనే నడిచింది. ఇంట్లో ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే, పోయేముందు ఆమె నోట ఏమీ రాకూడదని లోపలికి పొమ్మనేవాళ్లు. కొన్నేళ్లకు ఎవరూ చెప్పకముందే ఆమే లేచి వెళ్లిపోయేది. ఆమె కూతురు, అంటే ఆ పొద్దు చంకలో ఉన్న బిడ్డ, నా చెల్లెలు, అమ్మ తిట్టినందుకు నాయన చచ్చిపోయాడని వింటూనే పెరిగింది. చిన్నమ్మ పోయి కొన్నేళ్లయింది. ఎప్పుడో ఒకసారి చెబుదాం, ఎక్కడో నలుగురూ కూర్చున్నప్పుడు అంటాను అనుకుంటూనే నేను గడిపేశాను.

ఈ మధ్య మెట్లెక్కుతుంటే నాకూ ఎద బిగుసుకుంది. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోయాను. డాక్టరు పరీక్షలన్నీ చేసి, మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా అని అడిగాడు. నోరు అలవాటుగా, లేరు అనబోయింది. మా లెక్కలో చిన్నాయన జబ్బుతో పోయినవాడు కాదు మరి. ఆగి, ఉన్నారు అన్నాను. జరిగింది జరిగినట్టు మొదటిసారి ఒక పరాయి మనిషికి చెప్పాను. ఆయన విని, ఇది రక్తంలో వచ్చేదండీ, ఆయన పిల్లలుంటే వాళ్లను కూడా చూపించుకోమనండి అన్నాడు.

అందుకే బాగేపల్లికి, చెల్లెలి ఇంటికి పోయాను. ఆమె చేట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. గుండె సంగతి చెప్పాలంటే వాళ్ల నాయన సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే కొట్టంలో జరిగింది చెప్పాలి. కళ్లం సంగతీ, నా పెళ్లిలో నేను తల వంచుకున్న సంగతీ అన్నీ చెప్పాను. ఆమె చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"నీకు తెలుసునని మా అమ్మకు తెలుసా?"

"తెలుసమ్మా."

"చెప్పమని ఒక్కసారన్నా అడిగిందా నిన్ను?"

"లేదు."

ఆమె చేతిలోని గింజను చేటలో పడేసింది. "అమ్మ ఉండంగా చెప్పింటే" అని అంతటితో ఆపేసింది. నేను క్షమించమని అడగలేదు. క్షమించే హక్కున్న మనిషి ఇప్పుడు లేదు.

తర్వాత ఆమె చేట పక్కకు నెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "చిన్నప్పట్నించి మా నాయనతో మా అమ్మ అన్న కడమాట ఒగటే నాకు తెలుసు. దానికి ముందు ఏమన్న్యాదో ఇంగోసారి చెప్పన్నా. మొదట్నించి చెప్పు. నువ్వు మార్చొద్దు" అంది.

మొదటి నుంచి చెప్పాను. ఆమె పెదవులు కదుపుతూ వింది.

మరుసటి రోజు ఇద్దరం చింతామణికి పోయి ఆమెకు పరీక్షలు చేయించాం. రక్తపోటు ఎక్కువగా ఉందన్నారు, మాత్రలు రాసిచ్చారు. ఇప్పుడు మా ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఎవరైనా ఎద పట్టుకున్నా, చెయ్యి లాగుతోందన్నా, నేను వాళ్లు చెప్పేది పూర్తిగా విననే వినను. ఈ పొద్దు పని వద్దు, పోదాం పద అంటాను. రేపు అంటే ఒప్పుకోను. మీకింత పట్టుదల ఎక్కడిదని అడిగినవాళ్లకు, ఇది మా చిన్నమ్మ మాట అని పేరుపేరునా చెబుతున్నాను.