ఒకే తానులో రెండు చొక్కాలు

టైలరమ్మ ఎడారి దాకా వెళ్లి, మారథాన్ మధ్యలో వదిలేసి ఒంటె ఎక్కి ఊరేగిందని వీధంతా చెప్పుకున్నారు. సాక్ష్యంగా ఫోటో కూడా చూపించారు. ఒంటె మీద పసుపు గళ్ల చొక్కా, వెనక నుంచి.

పరుగుకు ముందురోజు టైలరమ్మా, తనతో పరుగుకొచ్చిన చెల్లెలూ ఇసుక దిబ్బలు చూడటానికి వెళ్లారు. ముచ్చటపడి, చెప్పులు విడిచి కాలే ఇసుకలో గెంతారు. తెల్లారేసరికి అరికాళ్ల నిండా బొబ్బలు.

మారథాన్ సగం దాటాక చెల్లెలు కూలబడింది. వెనకబడ్డవాళ్లను ఎక్కించుకునే బస్సు వచ్చేస్తోంది. అది తమను దాటిపోతే ఇక పరుగు లెక్కలోంచి తీసేసినట్టే.

"ఎక్కేద్దామక్కా, ఎవరు చూడొచ్చారు?"

"సగం కుట్టిన జాకెట్టు ఎవరికైనా ఇచ్చానా ఎప్పుడైనా? నేను ఎక్కను."

"సరే, కుంటుకుంటూ పో. నాకా ఓడినవాళ్ల బస్సు వద్దు తల్లీ. అదిగో, ఒంటె ఎక్కుతా. చూడ్డానికేగా వచ్చాం!"

టైలరమ్మ ఒక్కతే కదిలింది. చివరికొచ్చేసరికి బస్సు ఇంజన్ చప్పుడు మడమల దాకా వచ్చింది. తిరిగి చూస్తే కాళ్లు ఆగిపోతాయని తల తిప్పలేదు. ఎదురుగా పరుగు ముగిసే గేటు దగ్గర మనుషులు అప్పుడే దాన్ని పీకేయడానికి తాళ్లు విప్పుతున్నారు. ఆగమని చేతులూపింది. పళ్లు బిగించి, బొబ్బలు చితికిన కాళ్లతోనే పరుగెత్తింది.

ఫోటోలో ఉన్నది చెల్లెలు. ఇద్దరి చొక్కాలూ టైలరమ్మే ఒకే తానులోంచి కత్తిరించి కుట్టింది. ఆమె గేటు దాటిన తర్వాతే బస్సు వచ్చి ఆగింది.